నిమ్మళంగ ఎక్కాల్సిన మందు

కోఠి నుంచి సురేష్ తెచ్చిన మందు పెట్టెలు పద్మశ్రీ చేతికి అందిన చోట కిందటి వారం ఆగాం. నాచారం మెయిన్‌రోడ్డు మీది ఆ ఆసుపత్రిలో, రెండో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద ఉప్పలయ్య పడివున్నాడు. ఏళ్ల తరబడి లెక్కచేయని షుగరు ఒక్కసారిగా ఎగసింది. దాని వెనకే ముక్కులోకి బూజు చేరింది. పాత రొట్టె మీద పట్టే బూజు లాంటిదే. మామూలు మనిషిని అది ఏమీ చేయదు. ఒంట్లో సత్తువ తగ్గిన మనిషి దొరికితే మాత్రం ముక్కులోంచి చెంప ఎముకకు, చెంపలోంచి కంటికి, కంటి వెనక నుంచి మెదడుకు దారి చేసుకుంటూ పోతుంది. డాక్టర్ రామచంద్రరావు ఆపరేషన్ చేసి నల్లబడిన కండంతా తీసేశారు. మిగిలిన పని మందు చేయాలి. ఆ మందు రక్తంలోకి చుక్క చుక్కగా ఎక్కాలి.

ఆ వార్డులో నర్సుగా ఉన్న పద్మశ్రీకీ, ఉప్పలయ్యకూ ఒకప్పుడు ఏం జరిగిందో ఈ కథ చదువుతున్నవాళ్లకు తెలుసు. ఆసుపత్రిలో మాత్రం ఒక్క వెంకటనర్సమ్మకే తెలుసు. ఆమె ఉప్పలయ్య అక్క. ఆమె భర్త పోయినప్పుడు, ఒక్కగానొక్క కూతురు దుర్గాభవాని బతుకు ఏమవుతుందోనని ఆమె ఏడుస్తుంటే, అక్క బిడ్డను తానే చేసుకుంటానని ఉప్పలయ్య నలుగురిలో మాట ఇచ్చేశాడు. అప్పటికే తాను పెళ్లి మాట ఇచ్చిన పద్మశ్రీని అడగలేదు. చెప్పాడు, అంతే. ఆమె కరీంనగర్‌లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయింది. కిందటేడే తిరిగి నాచారం వచ్చింది.

ఇప్పుడు అతని మంచం దగ్గర ఆమె మాస్కు తీయదు. అవసరమైన దానికంటే ఎక్కువ మాట్లాడదు. చూడటానికి వచ్చేవాళ్లను వదిలే వేళ అయిందంటే చాలు, ఆమె గుండె గట్టిచేసుకుంటుంది. ఏదో ఒక రోజు దుర్గాభవాని ఆ మెట్లెక్కి వస్తుంది, భర్త మంచం మీద కూర్చుంటుంది, అతని నుదుటి మీద చెయ్యి వేస్తుంది. తాను చూసీ చూడనట్టు పక్కకు తప్పుకోవాలి. రోజూ అందుకు సిద్ధపడుతోంది. దుర్గాభవాని మాత్రం రావడం లేదు. ఎందుకు రావడం లేదో అడగడానికి పద్మశ్రీకి నోరు రావడం లేదు.

పెట్టె చేతిలోకి తీసుకుని ఆమె కిటికీ వెలుతురులోకి తిప్పింది. పేరు చూసింది. మళ్లీ చూసింది. తోటి నర్సు సత్యవేణిని పిలిచి చూడమంది. బయటి నుంచి వచ్చిన ఏ మందునైనా ఇద్దరు చదవాలని, కేస్‌షీట్‌లో ఉన్నదానికి ఒక్క ముక్క తేడా కనిపించినా సీసా విప్పకుండా తనను పిలవాలని రామచంద్రరావు ఆ వార్డులో పెట్టిన నియమం. సత్యవేణి చదివి తల అడ్డంగా ఊపింది.

మందు పేరు అదే. రకం అది కాదు. డాక్టరు రాసింది కొవ్వు పొరల్లో చుట్టి తయారుచేసే రకం. అది కాస్త ఎక్కువ మోతాదులో ఇచ్చినా ఒళ్లు తట్టుకుంటుంది. సురేష్ తెచ్చింది పాత, మామూలు రకం. దీని మోతాదు చాలా తక్కువ. మొదటిదాని కోసం రాసిన లెక్క ప్రకారం రెండోదాన్ని ఎక్కిస్తే మనిషి గుండె మంచం మీదే ఆగిపోవచ్చు. కోఠిలో షాపువాడు ఆ రకం లేదని, ఇదీ అదేనని చెప్పి ఇచ్చాడట.

డాక్టరు గారు కింద ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నారు. కబురు పంపి, పద్మశ్రీ పెట్టెలను పక్క బల్ల మీద పెట్టేసింది. మందుకు ముందు ఎలాగూ ఎక్కించాల్సిన సెలైన్ మాత్రం మొదలుపెట్టింది. కిడ్నీలను కాపాడేది ముందు ఆ ఉప్పునీళ్లే.

గంట దాటింది. వెంకటనర్సమ్మ గోడవారన స్టూలు మీద కూర్చుని ఆ పెట్టెల వైపే చూస్తోంది. చివరికి లేచి వచ్చింది.

"మందొచ్చి ఇంతసేపాయె. ఉప్పునీళ్లు ఎక్కిస్తున్నవ్ గని అసలు మందు ముట్టకపోతివి. ఎందుకు?"

పద్మశ్రీ ఆమెను మంచానికి దూరంగా, వరండాలోకి తీసుకువెళ్లింది. రెండు రకాల సంగతీ విడమరిచి చెప్పింది. డాక్టరు వచ్చి కొత్తగా మోతాదు రాస్తే తప్ప విప్పకూడదంది. వెంకటనర్సమ్మ వింటున్నట్టే ఉంది కానీ, ఆమె కళ్లు వేరే ఏదో వెతుకుతున్నాయి. పేరొకటే అయినప్పుడు మందు రెండెట్లయితదని అడిగింది. పొద్దున కంటే తమ్ముని కన్ను ఇంకా ఉబ్బిందని, గడియ గడియకూ లోపల ఏం తింటోందో అని అంది. తర్వాత గొంతు తగ్గించింది.

"నా మీది కోపం వాని మీద తీర్సుకోకు బిడ్డా."

ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని పద్మశ్రీకి తెలుసు. ఒకప్పుడు ఈవిడనే నోరారా వదినె అని పిలిచేది. ఈ వార్డులో అడుగుపెట్టిన నాటి నుంచి అమ్మా అనే అంటోంది.

"మీ మీద కోపం ఉన్నది. లేదని అబద్ధం చెప్ప. గని అది ఈ మంచం కాడికి రాదు. నేను ఆపింది అతని పాణం కోసమే."

"మరి గంత కష్టపడి తెచ్చిన పిలగాడు పిచ్చోడా? ఎర్రటి ఎండల నా అల్లుడు కోఠి దాంక వోయి తెచ్చిండు. ఉప్పల్ల మెట్రో కోసం తవ్విన గుంతల కాడ బండి జారి మోచెయ్యి చీరుకపోయింది. నువ్వేమో పక్కకు వెట్టినవ్."

అల్లుడు అన్న మాట దగ్గరే పద్మశ్రీ ఆగిపోయింది.

సురేష్ వరండా చివర బెంచీ మీద కూర్చుని, మోచేతికి చేతిరుమాలు చుట్టుకుని ఉన్నాడు. ఫ్యాక్టరీలో ఉప్పలయ్యతో కలిసి పనిచేసే మనిషి. కరెంటు లేక షెడ్డుకు సెలవు ఇచ్చినప్పుడల్లా వచ్చి ఆసుపత్రిలోనే ఉంటున్నాడు. ఉప్పలయ్యను మామా అని పిలుస్తుంటే ఆమె వింటూనే ఉంది. నాచారంలో ఎవరు ఎవరిని మామా అనరు గనక? చాయ్ బండి దగ్గర ముక్కూ మొహం తెలియనివాడిని కూడా మామా అనే అంటారు. ఆ పిలుపు వెనక నిజంగా ఒక చుట్టరికం ఉండి ఉంటుందని ఆమెకు తట్టనే లేదు.

వెంకటనర్సమ్మకు ఉన్నది ఒక్కతే కూతురు.

అడుగుదామని పద్మశ్రీ నోరు తెరిచేలోపే మెట్ల మీద రామచంద్రరావు కనిపించారు. థియేటర్ టోపీ ఇంకా తల మీదే ఉంది. పెట్టె చూశారు, కేస్‌షీట్ చూశారు, అక్కడే నిలబడి రెండు మూడు చోట్లకు ఫోన్ చేశారు. తాను రాసిన రకం ఊళ్లో ఇంకో రెండు రోజుల దాకా దొరికేలా లేదు. ఆ రెండు రోజులు బూజు ఆగదు. అందుకని ఆయన పాత రాతను అడ్డంగా కొట్టేసి, మామూలు రకం అని పూర్తిగా, పెద్ద అక్షరాలతో రాసి, దానికి తగ్గ తక్కువ మోతాదును ఉప్పలయ్య బరువును బట్టి కొత్తగా లెక్కగట్టారు. ఆ లెక్కను పద్మశ్రీ చేత కూడా చేయించారు. రెండూ ఒకటే వచ్చాక సంతకం పెట్టారు.

తర్వాత స్టూలు లాక్కుని వెంకటనర్సమ్మ ఎదురుగా కూర్చున్నారు. ఆయనది తెనాలి వైపు మాట.

"అమ్మా, ఇది మంచి మందే. కానీ మొండి మందు. ఎక్కుతున్నప్పుడు చలి పుడుతుంది, జ్వరం వస్తుంది. కిడ్నీల మీద పడుతుంది. రక్తంలో పొటాషియం తగ్గిస్తుంది, అది తగ్గితే గుండె లయ తప్పుతుంది. అందుకని రోజూ రక్తం చూస్తాం. గంటల తరబడి ఎక్కిస్తాం. తొందరపడితే మందే మనిషిని తీసుకుపోతుంది. వాళ్లు ఆపింది అందుకే."

వెంకటనర్సమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. పద్మశ్రీ వైపు చూడలేదు.

ముందు పరీక్షకు కొద్దిగా ఎక్కించి, ఒళ్లు ఎలా తీసుకుంటుందో చూశారు. ఊపిరి బాగానే ఉంది, బీపీ నిలకడగా ఉంది. అప్పుడు పద్మశ్రీ పొడిని కరిగించి గ్లూకోజ్ సీసాలోకి కలిపింది. నీళ్లు పల్చటి పసుపురంగుకు తిరిగాయి. గ్లూకోజ్ చూడగానే వెంకటనర్సమ్మ మళ్లీ లేచింది, కానీ ఈసారి గొంతులో నింద లేదు, భయమే ఉంది. షుగరు మనిషికి చక్కెర నీళ్లా అని మెల్లగా అడిగింది. పద్మశ్రీ ఆమెకు అర్థమయ్యేలా చెప్పింది. ఈ మందు ఉప్పునీళ్లలో పడితే నిమ్మరసం పడ్డ పాలలా విరిగిపోతుంది. అందుకే ఇందాకటి సెలైన్ తీసేసి, గొట్టం కూడా గ్లూకోజ్‌తో కడిగి, అప్పుడు పెడుతున్నాం. పెరిగే చక్కెరకు ఇన్సులిన్ ఉంది, గంట గంటకూ వేలు గుచ్చి చూస్తాం.

"నిమ్మళంగ ఎక్కాలె, గంతేనా?" అంది వెంకటనర్సమ్మ.

"గంతే."

మందు ఎక్కడం మొదలయ్యాక సత్యవేణిని మంచం దగ్గర కూర్చోబెట్టి, పద్మశ్రీ సురేష్‌ను డ్రెస్సింగ్ గదిలోకి పిలిచింది. చేతిరుమాలు విప్పి, గాయంలో ఇరుక్కున్న కంకర నలుసులు తీస్తూ, తల ఎత్తకుండానే అడిగింది, దుర్గాభవాని బాగుందా అని.

బాగుందన్నాడు సురేష్. నెలలు నిండుతున్నాయట, అన్నోజిగూడ నుంచి ఇక్కడిదాకా ఆటోలో కుదుపులు వద్దని డాక్టరమ్మ చెప్పిందట. ఏడుస్తోంది సిస్టర్, మామను చూడకుండా ఉండలేకపోతోంది అన్నాడు. మామే కదా మాకు పెళ్లి చేసింది అన్నాడు.

అడగకుండానే మిగతాదంతా అతని నోట వచ్చింది. ముహూర్తం పెట్టుకునే రోజుల్లోనే దుర్గ మేనమామ దగ్గరికి వెళ్లి, నువ్వు నన్ను ఎత్తుకుని పెంచినవ్ మామా, నిన్ను మొగడిగ అనుకోలేను అని చెప్పేసింది. సురేష్ సంగతి కూడా అప్పుడే చెప్పింది. తర్వాత ఉప్పలయ్య తానే అక్కను ఒప్పించాడు, తానే పీటల మీద కూర్చుని కాళ్లు కడిగాడు. షెడ్డు వెనక గదిలో ఒక్కడే ఉంటున్నాడు. వండుకుంటే వండుకున్నట్టు, లేకపోతే లేదు. షుగరు అలా ముదిరింది.

"ఎన్ని సంబంధాలు తెచ్చినా వద్దనేటోడు. హబ్సిగూడల ఎవరో ఉండెనట సిస్టర్, నర్సు సదువు సదివేటామె. దుర్గ పెళ్లయినంక ఆమె ఉండే హాస్టల్ కాడికి వోయిండట, ఆమె లేదట. ఏ ఊరు వోయిందో కనుక్కోరాదు మామా అని నేనే అన్న. మాట ఇచ్చి తప్పినోన్ని, ఏ ముఖం పెట్టుకోని వోవాలెరా అన్నడు. మళ్ల ఆ ముచ్చట ఎత్తలేదు."

పద్మశ్రీ దూది ముంచింది, పిండింది, గాయం తుడిచింది. గాజుగుడ్డ చుట్టి ప్లాస్టరు అంటించింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

ఉప్పలయ్య అరచేతిలోంచి ఉక్కు నలుసు తీసిన రోజు గుర్తొచ్చింది. నర్సింగ్ మొదటి ఏడాది, ఆమె ఇంకా హాస్టల్‌కు మారలేదు. ఇద్దరివీ పక్కపక్క అద్దె గదులు. లేత్ మిషన్ మీద పనిచేసి వచ్చి, బావి గట్టు మీద కూర్చుని నలుసును తీసుకోలేక తంటాలు పడుతుంటే, ఆమె సూదిని దీపం మీద కాల్చి తెచ్చింది. నొప్పి పుడుతోందా అని అడిగితే, పుట్టనీ, నువ్వు జల్ది తీయకు అన్నాడు. ఆ మాటను ఆమె కరీంనగర్‌లో ఎన్ని రాత్రులు విన్నదో. పెళ్లయిన మగవాడి మాటను తలుచుకోవడం తప్పని ఎన్నిసార్లు తనను తాను తిట్టుకున్నదో. ఆ తిట్లన్నీ ఊరికే పోయాయి. పెళ్లాం ఉందని తాను అనుకున్న మనిషి, పద్మ ఇక దొరకదనుకుని ఒంటి గదిలో ఉన్నాడు. కిందటేడు ఆమె వచ్చి చేరిన ఈ ఆసుపత్రికీ ఆ షెడ్డుకూ మధ్య ఎంత దూరం? షేరింగ్ ఆటో ఎక్కితే కూర్చునేలోపే దిగాలి. ఎన్నిసార్లు ఆ రోడ్డు మీద ఒకరినొకరు దాటి పోయారో.

సత్యవేణి పిలిచింది. ఉప్పలయ్యకు వణుకు మొదలైంది.

మంచం ఇనుప కడ్డీలు చప్పుడు చేసేంతగా ఊగిపోతున్నాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. పద్మశ్రీ మందు ఆపేసింది, రెండు దుప్పట్లు కప్పింది, నాడి చూసింది. డాక్టరు ఫోనులో చెప్పిన ఇంజక్షన్ నెమ్మదిగా ఇచ్చింది. వెంకటనర్సమ్మ తమ్ముడి పాదాలు పట్టుకుని రుద్దుతోంది. ఉప్పలయ్య చెయ్యి దుప్పటిలోంచి బయటికి వచ్చి, అందిన దాన్ని పట్టుకుంది. అందింది పద్మశ్రీ మణికట్టు.

వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టింది. తగ్గాక ఆమె మందును మునుపటి కంటే నిదానంగా మళ్లీ మొదలుపెట్టింది, ఒంటి చేత్తోనే. రెండో చేతిని అతను వదల్లేదు. అతను నిద్రలోకి జారాక వేళ్లు సడలాయి. అప్పుడు తీసుకోవచ్చు. ఆమె తీసుకోలేదు. కిటికీ బయట నాచారం షెడ్ల మీదికి పొద్దు వాలి, షిఫ్టు దిగిన మనుషులు గుంపులుగా రోడ్డు దాటుతున్నారు. పసుపు చుక్క ఒకటి రాలి, దాని తర్వాత ఇంకొకటి తయారవుతోంది. వెంకటనర్సమ్మ ఆ రెండు చేతుల వైపు చూసింది. చూసి, వాటి మీదికి దుప్పటి అంచు లాగి, మళ్లీ పాదాలు రుద్దుతూ కూర్చుంది.

తెల్లవారి రక్తం రిపోర్టు వచ్చింది. కిడ్నీల మీద కొంత భారం పడింది, పొటాషియం తగ్గింది. రామచంద్రరావు కంగారు పడలేదు. పొటాషియం సీసాలో కలిపి ఎక్కించమన్నారు, సెలైన్ పెంచమన్నారు, ఈ రోజు మందు రక్తం మళ్లీ చూశాకే అన్నారు. ఇవన్నీ సరిదిద్దుకోగలిగినవేనని చెప్పారు. తర్వాత స్కానింగ్ ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు.

బూజు కంటి వెనకకు చేరింది. ఆ కన్ను చూపు పోయింది, ఇక రాదు. కన్ను తీసేస్తే మెదడుకు పోయే దారి మూసినట్టు. ఉంచితే, ఎంత మందు ఎక్కించినా ఆ చచ్చిన కండలోకి చేరదు. మధ్యాహ్నం థియేటర్ ఖాళీ ఉంది. ఆయన ఇదంతా అక్కకు కాదు, ఉప్పలయ్యకే, మంచం పక్కన వంగి, దాచకుండా చెప్పారు.

వెంకటనర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సురేష్ గోడకు ఆనుకున్నాడు. ఉప్పలయ్య పైకప్పు వైపు చూస్తూనే, జర అందరూ బయటికి పోండ్రి అన్నాడు. డాక్టరు గారిని కూడా, ఏమనుకోకు సార్ అంటూ వేడుకున్నాడు. సిస్టర్ మాత్రం ఉండనీ అన్నాడు.

తలుపు మూసుకుంది. పద్మశ్రీ సీసా దగ్గరే నిలబడి ఉంది.

"దవాఖానకు వచ్చిన నాడే గుర్తువట్టిన పద్మా. నీ గొంతు ఇనంగనే ఎర్కైంది. నువ్వు తెల్వనట్టుంటే, గట్లనే ఉండాలని ఉందేమోననుకోని ఊకున్న."

ఆమె తలుపు వైపు చూసింది, మళ్లీ అతని వైపు చూసింది. నర్సుగా చెప్పాల్సిన మాటే ముందు చెప్పింది. కన్ను తీయించుకోవాలని, ఆలస్యం చేయొద్దని.

"తీయించుకుంట. నువ్వు జెప్పినవ్ కదా. గప్పుడు నిన్ను అడగకుంట నేనే ఫైసలా జేసిన. గందుకే గిది అడుగుతున్న." అతను బాగున్న కన్నును ఆమె వైపు తిప్పాడు. "ఒక్కపారి ఆ మాస్కు తీయి. రెండు కండ్లున్నప్పుడు జూసుకోలే. ఒక్కదానితోనన్న జూస్త."

పద్మశ్రీ మాస్కు తాడు విప్పింది. ఏళ్లు ఆమె మొహం మీద ఏం చేశాయో అతను చూశాడు. ఆమె దాచుకోలేదు.

"పాణంతోని బయటికొస్తే," అన్నాడు ఉప్పలయ్య, "ఆ షెడ్డు ఎనక గదికి నేను మళ్ల వోలేను పద్మా. ఇగ చెప్పు. నేను ఏ ఇంటికి రావాలె?"

తలుపు అవతల స్ట్రెచర్ చక్రాల చప్పుడు దగ్గరవుతోంది. పద్మశ్రీ అతని మంచం అంచున కూర్చుంది.